పదహారు కొర్రలు

కిందటివారం నూకరత్నం లోపలి గడియ బిగించిన చప్పుడు దగ్గర మనం ఆగాం. గదిలో ఉన్నది ఇద్దరే. ఒకరు ఆమె, రెండోవాడు విశాఖ నుంచి వచ్చిన ఇంజనీరు లక్ష్మీప్రసాద్. గడియ పడగానే అతను వెనక్కి తిరిగి చూశాడు గానీ ఏమీ అడగలేదు. ఆ అడగకపోవడమే నూకరత్నానికి మొదటి అనుమానం. తప్పు చేయనివాడైతే పట్టపగలు తలుపెందుకు వేశావని అడగడా?

మరిచిపోయినవాళ్ళ కోసం రెండు ముక్కలు. డుంబ్రిగుడలో రైతుల సంఘానికి రెండు గదుల పెంకుటిల్లు ఉంది. ఒక గదిలో విత్తనాలు, ఇంకో గదిలో సర్వరు. చుట్టుపక్కల గూడేల పోడు భూముల్ని డ్రోన్‌తో ఫొటోలు తీస్తే, ఒక్కో ఊరికి వెయ్యీ పన్నెండు వందల ఫొటోలు తేలతాయి. వాటిని ఒకదానికొకటి అతికించి పటం చేయడం ఈ సర్వరు పని, దాన్ని నడపడం పాలిటెక్నిక్ చదివిన నూకరత్నం పని. శుక్రవారం పాడేరులో విచారణ. పటం చూపించిన ఊరికి హక్కుపత్రాల మాట కదులుతుంది, చూపించలేని ఊరి వాలుని ఖాళీ కొండ కింద రాసుకుపోతారు. పది ఊళ్ళ పటాలు అయిపోయాయి. పదకొండోది సర్వరు మీద నలుగుతోంది. ఆఖరుది జాకరగుడ. నూకరత్నం పుట్టిన ఊరు, నలభై ఒక్క కుటుంబాల ఊరు.

ఒక ఊరి పటం ఆరు గంటల్లో ముగించే సర్వరు తొమ్మిది రోజులుగా రెండేసి రోజులు తీసుకుంటోంది. ఎప్పుడు ఫోన్ చేసినా లక్ష్మీప్రసాద్ "ఏదో అప్‌డేట్ అయ్యుంటుంది, చూద్దాం" అని తేల్చేశాడు. ఈలోగా సంఘం కార్యదర్శి భాను ఒక సంగతి మోసుకొచ్చింది. లక్ష్మీప్రసాద్ బావమరిది టూరిస్టుల కోసం కొండల్లో గుడారాలు వేసే వ్యాపారి అట, జాకరగుడ వాలు కింద అతని కారు ఆగి ఉండటం ఎవరో చూశారట. అది విన్నప్పటి నుంచి నూకరత్నానికి తిండి సయించడం లేదు.

అందుకే ఈ రోజు, బుధవారం, పొద్దున్నే ఒక జాగ్రత్త పడింది. జాకరగుడ ఫొటోలున్న మెమరీ కార్డుని ఈ మనిషి చెయ్యి పడే మెషీన్‌లోకి ఎక్కించదలచుకోలేదు. చిన్న డబ్బీలో పెట్టి భాను చేతికిచ్చింది. సంఘానికున్న ఒక్క ల్యాప్‌టాపూ పాడేరులో తన వదిన ఇంట్లో ఉందని, అక్కడ కూర్చుని కాపీ తీసి రేపు తెచ్చేస్తానంది భాను. పాడేరుకి ఘాట్ రోడ్డు మీద జీపో బస్సో తప్ప వేరే దారి లేదు. మలుపులకి కడుపులో తిప్పకుండా నోట్లో ఉసిరికాయ ముక్క వేసుకుని మరీ జీపెక్కింది. అద్దెకు తెచ్చిన డ్రోన్ నిన్ననే విశాఖ వెళ్ళిపోయింది గనక ఆ కార్డు తప్ప జాకరగుడకి వేరే ఆధారం లేదు. తను ఎంత తెలివైన పని చేసిందో అని నూకరత్నం పొద్దుటి నుంచి నాలుగుసార్లు అనుకుంది.

"కూకోండి సార్," అంది కుర్చీ చూపించి. "ఏటి నొక్కినా ముందు నాకు సెప్పి నొక్కండి."

"పోలీస్ స్టేషన్లా ఉందేటండీ రత్నం గారూ," అని నవ్వబోయాడు లక్ష్మీప్రసాద్. ఆమె మొహం చూసి నవ్వు మానుకున్నాడు.

"దీన్ని ఒకసారి ఆపి లేపాలి. లేచేటప్పుడు ఎఫ్ టూ నొక్కితే లోపలి సెటప్ మెనూ వస్తుంది. మన సాఫ్ట్‌వేర్లేవీ లేవకముందు మెషీన్ తన కాళ్ళూ చేతులూ సరిచూసుకునే చోటన్నమాట."

"ఇప్పుడు నడుస్తున్న పని పోతాదా?"

"పోదు. ఇరవై నిమిషాలకోసారి దాచుకుంటుంది. ఆ ఏర్పాటు మీరు పెట్టిందే కదా, మంచి పని చేశారు."

మెచ్చుకోలు కూడా ఆమెకి అనుమానంగానే తోచింది. బుట్టలో వేసుకుంటున్నాడా ఏంటి? ఫోన్ తీసి కెమెరా పట్టుకుని అతని భుజం వెనక నిలబడింది.

సర్వరు లేస్తూ ఒక్కసారిగా ఫ్యాన్లు హోరెత్తించింది. గోడకి అవతల, విత్తనాల గదిలో, సోంబరు దగ్గాడు. సోంబరు ఆమె తండ్రికి సొంత తమ్ముడు, విత్తనాల గదికి కాపలాదారు. ఆమెకి కాకా. తండ్రి పోయాక ఆమెని చదివించింది ఆ చేతులే. ఆ దగ్గు వినగానే నూకరత్నానికి కొంచెం ధైర్యం వచ్చింది, గట్టిగా పిలిస్తే పలికే మనిషి పక్కనే ఉన్నాడని.

తెర నీలంగా మారి పాస్‌వర్డ్ అడిగింది. ఆ పాస్‌వర్డ్ లోకంలో ముగ్గురికే తెలుసు. పెట్టిన లక్ష్మీప్రసాద్‌కి, వాడే నూకరత్నానికి, సంఘం తరఫున భానుకి. అతను టైపు చేశాడు. బాణం మీట నొక్కుతూ ఒక్కో వరుసా దిగి 'ప్రాసెసర్ సెట్టింగ్స్' దగ్గర ఆగాడు.

"లోపలికెళ్ళనా?"

"ఎల్లండి."

ఎంటర్ నొక్కాడు. పేజీ తెరుచుకుంది. అతను కుర్చీ ముందుకి లాక్కుని, కళ్ళజోడు సర్దుకుని, మళ్ళీ చదివాడు.

"ఇదేంటి?" అన్నాడు తనలో తను. "కోర్లు నాలుగే ఉన్నాయి. పదహారు ఉండాలి."

"అంటే?"

"అంటే ఈ ప్రాసెసర్ లోపల పదహారు మంది పనివాళ్ళున్నారనుకోండి. పన్నెండు మందిని గట్టు మీద కూర్చోబెట్టి నలుగురి చేతే కలుపు తీయిస్తున్నారెవరో. ఇదిగో, హైపర్ థ్రెడింగ్ కూడా ఆపేశారు. ఒక్కో మనిషి రెండు చేతులా పని చేసే వెసులుబాటు అది. పవర్ చూడండి, పొదుపులో పెట్టారు. ఉన్న నలుగురు కూడా నిద్రమొహాలతో పని చేస్తున్నారు."

నూకరత్నం ఫొటో తీసింది. తొమ్మిది రోజులుగా తను ఆ సర్వరు ముందు కూర్చుని, డిస్కు పాడైందేమో అనీ, కరెంటు సరిపోవడం లేదేమో అనీ, తన చదువే చాలదేమో అనీ కుమిలిపోయింది. ఇదా సంగతి! ఒళ్ళు మండిపోయింది.

"బాగుంది సార్. మీరే కట్టేసి మీరే కనిపెట్టినారా?"

"నేనా?"

"పాస్‌వర్డ్ మీకు తెలుసు. ఈ పేజీ ఎక్కడుందో మీకు తెలుసు. తొమ్మిది రోజుల్నుంచి రమ్మంటే అప్‌డేటూ అప్‌డేటూ అని తప్పించుకున్నారు. ఇక్కడ సూద్దామని ఒక్కరోజైనా అన్నారా?"

లక్ష్మీప్రసాద్ చెవులు ఎర్రబడ్డాయి. "కొత్త సర్వరు పెట్టిన రోజు ఒకసారి ముట్టుకుంటామండీ ఈ పేజీ. తర్వాత దీని జోలికి ఎవరూ రారు. ఎవరో మార్చి ఉంటారని నాకెలా తోస్తుంది? నాది బద్ధకం అనండి, ఒప్పుకుంటాను. ద్రోహం అనకండి."

"మీ బావమరిది గుడారాల యాపారం సేత్తాడా లేదా?"

అతను చటుక్కున తలెత్తాడు. "చేస్తాడు. దాచాల్సిన సంగతి కాదు. వాడికీ నాకూ రెండేళ్ళుగా మాటల్లేవు. ఈ కొండల్లో వాడి పేరు నేను ఒక్కరి దగ్గరా ఎత్తలేదు. ఎవరు చెప్పారు మీకు?"

"భాను."

"భాను గారికెలా తెలుసు?"

"కారు సూసినారు."

"కారు చూస్తే కారని తెలుస్తుంది. ఆ కారులో ఉన్నవాడు నా బావమరిది అని ఎలా తెలుస్తుందండీ?"

ప్రశ్న సబబుగానే ఉంది. కానీ అనుమానం ఒకసారి ఒకరి మీద కూర్చున్నాక లేచి ఇంకొకరి మీదకి వెళ్ళడానికి బద్ధకిస్తుంది. మాటలతో దారి మళ్ళిస్తున్నాడు, అంతే అనుకుంది నూకరత్నం. చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్న భాను మాట కంటే ఇతని మాట ఎక్కువా?

లక్ష్మీప్రసాద్ మెనూలో ఇంకో పేజీకి వెళ్ళాడు. అక్కడ సెట్టింగు ఎప్పుడు మారిందో మెషీన్ తనే రాసుకుంటుంది.

"చదవండి. నేను చదివితే నమ్మరు."

ఆమె వంగి చదివింది. తొమ్మిదో తారీఖు, సోమవారం. పగలు పదిన్నర నుంచి పన్నెండు నిమిషాలు. పక్కనే ఇంకో మాట ఉంది.

"లోకల్ కీబోర్డ్ అంటే?"

"ఈ కీబోర్డే. విశాఖలో కూర్చుని నెట్‌లోంచి చేసింది కాదు. ఎవరో ఈ కుర్చీలో కూర్చుని ఈ మీటలే నొక్కారు. ఆ రోజు నేను మా అమ్మాయి స్కూల్లో ఉన్నాను, కావాలంటే ఫొటోలున్నాయి. గదికి తాళం ఉంటుంది కదా? ఆ రోజు తాళం ఎవరి దగ్గరుంది?"

తొమ్మిదో తారీఖు నూకరత్నం జాకరగుడలో ఉంది. డ్రోన్ ఎగరేయడానికి ఇద్దరూ వెళ్ళాల్సింది, పన్ను నొప్పి అని భాను అరకులోయ వెళ్ళిపోతే, తనొక్కతే పెట్టె నెత్తిన పెట్టుకుని కొండెక్కింది. తాళం ఎప్పటిలాగే కాకా దగ్గర ఉంచింది.

"తాళం... మావాళ్ళ దగ్గరే ఉంది," అంది. ఆ మాట తన చెవికే బాగా వినిపించలేదు.

లక్ష్మీప్రసాద్ మళ్ళీ ప్రాసెసర్ పేజీకి వెళ్ళాడు. ఆమె చూస్తుండగానే నాలుగుని పదహారు చేశాడు. హైపర్ థ్రెడింగ్ మళ్ళీ పెట్టాడు, పొదుపు తీసేశాడు, భద్రపరిచి బయటికొచ్చాడు. సర్వరు లేచింది, ఆగిన పని అందుకుంది. తెర మీద మిగిలిన సమయం గంటల లెక్కలో చూపించేది, చూస్తుండగానే నలభై నిమిషాలకి దిగింది. తొమ్మిది రోజుల తర్వాత మెషీన్ దాని పని అది చేస్తోంది. నూకరత్నానికి ఏడుపొచ్చినంత పనైంది.

"ఈ ఊరు అయిపోగానే జాకరగుడ ఎక్కించండి," అన్నాడతను. "రాత్రి పదీ పదకొండు గంటలకల్లా పటం చేతికొస్తుంది. కార్డు ఇలా ఇవ్వండి, నేనే కాపీ పెడతాను."

"కార్డు మీకెందుకు?" అంది వెంటనే. "భద్రంగా ఉంది. ఉండాల్సినోళ్ళ దగ్గరే ఉంది."

గడియ తీసి బయటికొచ్చింది. కాకాని తాళం గురించి అడగాలి. ఆ రోజు ఎవరొచ్చారు, ఎవరికి ఇచ్చావు అని అడిగితే చాలు, ఈ ఇంజనీరు పంపిన మనిషెవరో తేలిపోతుంది. అలా అనుకుంటూ విత్తనాల గదిలోకి అడుగుపెట్టి, గుమ్మంలోనే ఆగిపోయింది.

సోంబరు కింద కూర్చుని చేటలో సామలు చెరుగుతున్నాడు. అతని తల వెనక గోడకి నల్లరంగు పూసిన పలక ఉంది. ఏ విత్తనం ఎంత వచ్చిందో, ఎంత పోయిందో రోజూ సుద్దముక్కతో రాస్తాడు. చోళ్ళు ఏడు కుంచాలు. సామలు మూడు కుంచాలు ఒక అడ్డ. వలిసెలు రెండు మానికలు. వాటి కింద, ఈ తొమ్మిది రోజులుగా ఆమె వస్తూ పోతూ చూస్తున్న వరుస ఒకటి.

కొర్రలు 16. 4 సెయ్యాలి.

పదహారు కొర్రలుంటే నాలుగు ఉంచి మిగతావి పంచేయాలి కాబోలు అనుకుంది ఇన్నాళ్ళూ. ఇప్పుడు ఆ రెండు అంకెలూ కళ్ళలో గుచ్చుకున్నాయి.

"కాకా, అదేటి?"

"ఏదమ్మా?"

"ఆ కొర్రలు."

"కొర్రలేనమ్మా." చెరగడం ఆపలేదు. తలా ఎత్తలేదు.

"ఎన్ని కుంచాలు?"

సోంబరు చేతిలో చేట ఆగింది.

"కుంచాలా, అడ్డలా, మానికలా? కొలత రాయకుండా నువ్వు ఉత్తి అంకె ఏసిన రోజు నాకు తెలిసి నేదు. పదారు ఏటి కాకా?"

పలక కింది భాగానికి అడ్డంగా ఒక పాత బుట్ట తగిలించి ఉంది. నూకరత్నం దాన్ని తీసేసింది. కింద ఇంకో వరుస బయటపడింది, అదే గుండ్రటి అక్షరాల్లో.

ఐపరు తెడ్డు ఆపాలి.

వెనక గుమ్మం దగ్గర నుంచి లక్ష్మీప్రసాద్ ఆ వరుస పైకి చదివాడు. ఒకసారి చదివి, నెమ్మదిగా రెండోసారి చదివాడు. "హైపర్ థ్రెడింగ్," అన్నాడు. "పైది కొర్రలు కాదండీ, కోర్లు. ఫోన్లో ఎవరో చెప్తుంటే విన్నది విన్నట్టు రాసుకున్నారు."

ఇంకో రోజైతే నూకరత్నం పడీ పడీ నవ్వేది. ఐపరు తెడ్డు అనే మాట గూడెమంతా సంవత్సరం పాటు చెప్పుకునేది. ఇప్పుడు మాత్రం కాకా ఎదురుగా కూలబడింది.

"నువ్వా కాకా?"

"నానే," అన్నాడు సోంబరు. ముసలి మొహం పాలిపోయింది. "మరిసిపోతానని గోడకేసినాను. బొమ్మ నీలంగా అయినాక కిందకి, కిందకి నొక్కమంటే నొక్కినాను. ఇంగిలీసు అచ్చరాలు ఒక్కోటీ సెప్తే ఒక్కోటీ ఎతుక్కొని కొట్టినాను. తప్పు సేసినానేటమ్మా?"

"నాతో ఒక్క మాట ఎందుకు సెప్పనేదు?"

"సెప్పొద్దన్నాది. మిషను ఏడెక్కిపోతంది, పదారు కొర్రలూ ఒక్కపాలి తిరిగితే అంటుకుంటాది, సంగమంతా రత్నం మీద పడతాది అన్నాది. నాలుగు సేసీ కాకా, సల్లబడతాది, రత్నానికి సెప్పకు, బెంగెట్టుకుంటాది అన్నాది. నీ మీదకొత్తాదంటే నాను ఊరుకుంటానేటి?" చేట పక్కన పెట్టాడు. "నీ కోసరమే గదా సేసినాను."

నూకరత్నం అతని చెయ్యి పట్టుకుంది. సామల దుమ్ముతో గరుకుగా ఉంది ఆ చెయ్యి. ఆ చేతి మీద కోపం తెచ్చుకోవడం ఆమె తరం కాలేదు. జాకరగుడ వాలు మీద ఈయనకీ ఎకరం ముప్పావు కాఫీ తోట ఉంది. తన భూమిని తనే పోగొట్టుకునే మీటలు పన్నెండు నిమిషాలు ఓపిగ్గా నొక్కాడు, అన్న కూతురి కోసం.

"అన్నాది అంటన్నావు. ఎవులు కాకా?"

"ఎవులేటి? భానే." ఆ ప్రశ్నే అతనికి వింతగా ఉంది. "మన భానే. పొద్దున్న నీ సేతిలోంచి డబ్బీ అట్టుకెల్లినాదే, ఆ గుంటే."

నూకరత్నం కాకా చెయ్యి వదిలి లేచి నిలబడింది.

బావమరిది సంగతి చెప్పింది భాను, అంటే అతన్ని ముందే ఎరిగుండాలి. లక్ష్మీప్రసాద్‌ని అనుమానించమని మొదట నేర్పింది భాను. కాపీ తీసి తెస్తానని కార్డు పట్టుకెళ్ళిందీ భానే. నూకరత్నం అనుమానించాల్సిన మనిషిని తప్ప అందరినీ అనుమానించింది. మెషీన్ ఇప్పుడు పదహారు మందితో పనికి సిద్ధంగా ఉంది, దానికి పెట్టాల్సిన ఫొటోలే తన దగ్గర లేవు. తన చేత్తోనే ఇచ్చి పంపింది. తన మీద తనకి అసహ్యం వేసింది.

"ఫోన్ చెయ్యండి," అన్నాడు లక్ష్మీప్రసాద్. "ఏమీ తెలియనట్టు మాట్లాడండి."

నాలుగు కావస్తోంది. అతనికీ వినపడేలా స్పీకరు పెట్టి నూకరత్నం ఫోన్ చేసింది. రెండు రింగులకే భాను ఎత్తింది.

"ఏటే రత్నం, ఇంజనీరు వచ్చినాడా?"

"వచ్చినాడు. ఏటీ తేలనేదు." గొంతు మామూలుగా ఉంచడానికి గోళ్ళు అరచేతిలోకి దిగేలా పిడికిలి బిగించింది. "నువ్వెక్కడున్నావు?"

"పాడేరు సేరి గంటయింది. వదిన ఇంట్లోనే ఉన్నాను. కార్డు బద్రం, కంగారు పడకు."

"కాపీ అయిందా?"

"అవుతంది, అవుతంది. రేపు బేగి ఒచ్చేస్తాను."

భాను ఇంకేదో అంటోంది. ఆమె మాట వెనక ఎవరో పల్లీలు పల్లీలని అరుచుకుంటూ దగ్గరికొచ్చి దూరమయ్యారు. ఆ వెనకే పొడుగ్గా, కొండలకి తగిలి తిరిగొచ్చేటట్టు, అరకు మీదుగా విశాఖ వెళ్ళే కిరండూల్ రైలు కూత వినిపించింది. ఫోన్ కట్టయింది.

నూకరత్నం లక్ష్మీప్రసాద్ వైపు చూసింది. అతను అప్పటికే మోటారుసైకిల్ తాళాలు చేతిలోకి తీసుకున్నాడు. ఆ కూత అతనూ విన్నాడు.

పాడేరుకి రైలు లేదు.